పెండింగ్‌లో సిగ్నల్ ఉండగానే నిద్రపోయిన ప్రాసెస్

మేము కొద్దిమందిమి కలిసి అభివృద్ధి చేస్తున్న చిన్న యూనిక్స్ తరహా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం) ఒకటి ఉంది. సీ భాషలో రాసిన ఆ కెర్నల్ ఎక్స్86-64 యంత్రాల మీద ఒకటికి మించిన సీపీయూలతో నడుస్తుంది. దాన్ని ఆర్మ్-64కు తీసుకువెళ్లే పని కూడా సాగుతోంది. అందులో చాలాకాలంగా ఒక జబ్బు ఉండేది. ఆదేశాలు తీసుకొని నడిపే షెల్ అనే ప్రోగ్రాములో ఒక ఆదేశం ఇస్తాము, అది పని ముగించుకొని వెళ్లిపోతుంది, దాని ఫలితం తెర మీద కనిపిస్తుంది కూడా, కానీ తరువాతి ఆదేశం అడిగే ప్రాంప్ట్ తిరిగి రాదు. ఎప్పుడో ఒకసారి మాత్రమే ఇలా జరిగేది. అప్పుడు కంట్రోల్-సీ నొక్కితే ప్రాంప్ట్ వెంటనే వచ్చేసేది కాబట్టి అందరమూ అలవాటుగా నొక్కేసి ముందుకు పోయేవాళ్లం, ఆ లోపం అన్నాళ్లు బతికిందీ అందుకే. ఆటోమేటిక్ పరీక్షలు పెట్టిన తరువాత మాత్రం కంట్రోల్-సీ నొక్కే చెయ్యి లేకపోవడంతో పరీక్షలు మధ్యలో ఆగిపోయి, గడువు దాటి, విఫలమైనట్లు నమోదు కావడం మొదలైంది. దాన్ని పట్టుకొని సరిచేసే పని నేను తీసుకున్నాను.

నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు, దానికి కెర్నల్ చేరవేసే చిన్న కబురే సిగ్నల్. షెల్ తాను పుట్టించిన చైల్డ్ ప్రాసెస్ ముగిసిన సంగతిని సిగ్‌చైల్డ్ అనే సిగ్నల్ ద్వారా తెలుసుకుంటుంది. ముందుగా ఆ సిగ్నల్‌ను మాస్క్‌లో (ప్రస్తుతానికి అందించవద్దన్న సిగ్నళ్ల జాబితాలో) పెట్టి అడ్డుకుంటుంది, ఫోర్క్ చేసి చైల్డ్‌ను పుట్టిస్తుంది, ఆ తరువాత సిగ్‌సస్పెండ్ అనే కెర్నల్ కాల్‌ను పిలుస్తుంది. ఈ కాల్ చేయవలసినది ఏమిటంటే, మాస్క్‌ను తాత్కాలికంగా తీసివేసి, సిగ్నల్ వచ్చేదాకా నిద్రపోవడం. ఈ రెండు పనుల మధ్య సందు ఉండకూడదు. పాత యూనిక్స్‌లో పాజ్ అనే కాల్ ఒక్కటే ఉన్న రోజుల్లో ఆ సందు ఉండేది. సిగ్నల్ ఇంకా రాలేదని ప్రోగ్రాము నిర్ధారించుకొని పాజ్‌లోకి అడుగుపెట్టేలోపు సిగ్నల్ వచ్చి వెళ్లిపోతే, ఆ ప్రోగ్రాము ఇక రాని సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ పడి ఉండేది. 1983లో వచ్చిన 4.2బీఎస్‌డీలో సిగ్‌పాజ్, ఆ తరువాత 1988 నాటి పోసిక్స్ ప్రమాణంలో సిగ్‌సస్పెండ్ పుట్టింది ఈ సందును మూయడానికే. అనేక ఫైళ్ల మీద ఒకేసారి ఎదురుచూసే సెలెక్ట్ కాల్‌కు ఇదే అవసరం వచ్చినప్పుడు పీసెలెక్ట్ తయారైంది, లినక్స్‌లో 2.6.16 వెర్షన్ దాకా దానికి కెర్నల్‌లో మద్దతు లేకపోవడంతో గ్లిబ్‌సీ లైబ్రరీ దాన్ని అనుకరించేది, ఆ అనుకరణలో సందు అలాగే మిగిలి ఉండేది. యూజర్ ప్రోగ్రాముల్లోని సందును మూయడానికి పుట్టిన కాల్‌కే మా కెర్నల్‌లో లోపల అదే సందు ఉందని తేలడానికి కొంత సమయం పట్టింది.

మొదట చేయవలసింది ఆగిపోయిన షెల్‌ను ఆగిపోయిన స్థితిలోనే పరిశీలించడం. పరీక్షలన్నీ యంత్రాన్ని అనుకరించే క్యూఎమూలో నడుస్తాయి కాబట్టి ఇది తేలిక. క్యూఎమూలో ఉన్న డీబగ్ సర్వర్ 1234 పోర్టులో వింటూ ఉంటుంది, దానికి జీడీబీ అనే డీబగ్గర్‌ను తగిలిస్తే మొత్తం కెర్నల్‌ను ఉన్నచోట నిలిపివేసి చూడవచ్చు. షెల్ వివరాలను కెర్నల్ ఉంచుకునే టాస్క్ స్ట్రక్చర్‌ను తెరిచి చూస్తే మూడు విలువలు కనిపించాయి. దాని స్థితి, సిగ్నల్ వస్తే లేవదగిన నిద్ర. బ్లాక్ చేసిన సిగ్నళ్ల మాస్క్, సున్నా. పెండింగ్ (వచ్చి ఇంకా అందని) సిగ్నళ్ల పదం, హెక్సాలో 10000. మా కెర్నల్ సిగ్నల్ సంఖ్యల విషయంలో లినక్స్‌నే అనుసరిస్తుంది. సిగ్‌చైల్డ్ సంఖ్య 17, బిట్లు సున్నా నుంచి లెక్కిస్తాము కాబట్టి 17వ సిగ్నల్‌కు 16వ బిట్, అంటే సరిగ్గా ఈ హెక్సా 10000. సిగ్నల్ చేరింది, దాన్ని అడ్డుకునే మాస్క్ లేదు, అయినా ప్రాసెస్ నిద్రలో ఉంది. ఈ మూడూ ఒకేసారి నిజం కావడానికి కెర్నల్ నియమాల ప్రకారం వీల్లేదు. సిగ్నల్ ఎక్కడో పోయిందేమో, చైల్డ్ ప్రాసెస్ దాన్ని పంపనేలేదేమో అన్న అనుమానాలన్నీ ఈ ఒక్క చూపుతో తొలగిపోయాయి. కంట్రోల్-సీ ఎందుకు పనిచేసేదో కూడా తెలిసింది. అది మరొక సిగ్నల్‌ను పంపి ప్రాసెస్‌ను లేపుతుంది, లేచిన ప్రాసెస్ అప్పటికే ఉన్న సిగ్‌చైల్డ్‌ను కూడా చూసుకుంటుంది.

అప్పుడు సిగ్‌సస్పెండ్ కోడును, సిగ్నల్ పంపే కోడును పక్కపక్కన పెట్టుకొని చదివాను. సిగ్‌సస్పెండ్ చేసే పనుల వరుస ఇది: సిగ్నల్ లాక్ (ఒకసారి ఒక్కరినే లోనికి రానిచ్చే తాళం) తీసుకొని పాత మాస్క్‌ను దాచి కొత్త మాస్క్ పెట్టి లాక్ వదిలేస్తుంది; పెండింగ్ సిగ్నల్ ఏదైనా ఉందేమో చూస్తుంది; లేకపోతే తన స్థితిని నిద్రగా మార్చుకొని సీపీయూ ఎవరికివ్వాలో నిర్ణయించే షెడ్యూలర్‌ను పిలుస్తుంది. పంపేవైపు వరుస ఇది: సిగ్నల్ లాక్ తీసుకొని పెండింగ్ బిట్ పెట్టి లాక్ వదిలేస్తుంది, ఆ తరువాత లక్ష్య ప్రాసెస్ స్థితి నిద్ర అయితే దాన్ని లేపి రన్‌క్యూలో (నడవడానికి సిద్ధంగా ఉన్నవాటి వరుసలో) చేరుస్తుంది, కాకపోతే ఊరుకుంటుంది. ఊరుకోవడంలో తప్పేమీ లేనట్లే కనిపిస్తుంది, ఎందుకంటే నడుస్తున్న ప్రాసెస్ కెర్నల్ నుంచి యూజర్ మోడ్‌కు (మామూలు ప్రోగ్రాములు నడిచే స్థితికి) తిరిగి వెళ్లేటప్పుడు ఎలాగూ పెండింగ్ సిగ్నళ్లను చూసుకుంటుంది. కానీ ‘సిగ్నల్ లేదు’ అని చూసుకోవడానికి, ‘నేను నిద్రలో ఉన్నాను’ అని ప్రకటించడానికి మధ్య ఉన్న ప్రాసెస్‌కు ఆ తరువాత మళ్లీ చూసుకునే అవకాశం లేదు. సరిగ్గా ఆ సమయంలో మరొక సీపీయూ మీద చైల్డ్ ప్రాసెస్ ముగిస్తే, పంపేవాడికి షెల్ మెలకువగానే ఉన్నట్లు కనిపిస్తుంది, షెల్‌కేమో సిగ్నల్ రానట్లే కనిపిస్తుంది. ఒకే సీపీయూ ఉన్నా ఇది జరగవచ్చు. ఆ మధ్యలో టైమర్ ఇంటరప్ట్ (చేస్తున్న పనిని ఆపి సీపీయూను పిలిచే హార్డ్‌వేర్ సంకేతం) వచ్చి షెడ్యూలర్ చైల్డ్ ప్రాసెస్‌కు వంతు ఇస్తే సరిపోతుంది.

కాగితం మీద ఇంత స్పష్టంగా కనిపించినా, నిజంగా జరుగుతున్నది ఇదేనని చూపించనిదే కోడును ముట్టుకోకూడదన్నది నా పట్టుదల. ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం మారే ఇలాంటి రేస్ కండిషన్ల విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సంబంధం లేని మార్పు కూడా సమయాలను కాస్త అటూ ఇటూ జరిపి లక్షణాన్ని మాయం చేయగలదు. సాధారణ ప్రింట్ వాక్యాలు ఇక్కడ పనికిరావు. సీరియల్ పోర్టులో ఒక వాక్యం రాయడానికి పట్టే సమయం ముందు ఆ సందు లెక్కలోకి రానంత చిన్నది కాబట్టి, ప్రింట్ పెట్టగానే లోపం కనబడకుండా పోయింది. అందువల్ల ఒక్కో సీపీయూకు నిండగానే మొదటినుంచి తిరిగి రాసే ఒక్కో చిన్న రింగ్ బఫర్ పెట్టి, అందులో సంఘటన సంఖ్యను, ఆర్‌డీటీఎస్‌సీ అనే ప్రాసెసర్ సూచన ఇచ్చే సైకిళ్ల లెక్కను మాత్రమే రాయించాను. లాక్ లేదు, పోర్టు లేదు, మెమరీలో రెండు పదాలు రాయడం మాత్రమే. ఆపైన పరీక్ష ప్రోగ్రాము ఒకటి రాశాను: సిగ్‌చైల్డ్‌ను అడ్డుకోవడం, ఫోర్క్ చేయడం, చైల్డ్ ఏ పనీ చేయకుండా వెంటనే ముగిసిపోవడం, పేరెంట్ సిగ్‌సస్పెండ్‌లోకి వెళ్లడం, లేచాక మళ్లీ మొదటి నుంచి.

ఇది ఆగిపోయినప్పుడు బఫర్లను జీడీబీలో తీసి సైకిళ్ల వరుసలో పేర్చితే నాలుగు నమోదులు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. పేరెంట్: పెండింగ్ చూశాను, ఏమీ లేదు. చైల్డ్, వేరే సీపీయూ మీద: బిట్ పెట్టాను. చైల్డ్: లక్ష్యం నిద్రలో లేదు, లేపడం లేదు. పేరెంట్: స్థితి నిద్ర, షెడ్యూలర్‌లోకి వెళ్తున్నాను. ఇక సందేహం లేదు. ఆ పైన సందును కావాలనే వెడల్పు చేశాను. పెండింగ్ చూడడానికి, స్థితి మార్చడానికి మధ్య ప్రాసెసర్ పాజ్ సూచనతో (పైన చెప్పిన పాజ్ కాల్ కాదు) ఖాళీ లూప్ ఒకటి పెట్టగానే, ఎప్పుడో ఒకసారి కనిపించే లోపం పరీక్ష మొదలైన వెంటనే కనిపించసాగింది. రేస్ కండిషన్ మీద పనిచేసేవారికి నేను మొదట చెప్పే సలహా ఈ ఆలస్యం పెట్టడమే. లోపాన్ని వెతుకుతూ గంటల తరబడి పరీక్ష నడిపించడం కంటే, అనుమానం ఉన్నచోట తలుపు తెరిచిపెట్టి అది వస్తుందో రాదో చూడడం మేలు.

అందరికీ వెంటనే తట్టే సవరణ ఒకటుంది: వరుసను తిరగవేయడం. ముందు స్థితిని నిద్రగా ప్రకటించి, తరువాత పెండింగ్ చూసుకోవాలి. సిగ్నల్ ఉంటే స్థితిని మళ్లీ మెలకువకు మార్చుకోవాలి. అప్పుడు పంపేవాడు ఎప్పుడు వచ్చినా ఇద్దరిలో ఒకరికి రెండోవారు కనిపించాలి. సిద్ధాంతం సరైనదే, ఆలస్యపు లూప్ ఉన్న పరీక్ష కూడా దీనితో గట్టెక్కింది. అయితే క్యూఎమూను కేవీఎం‌తో కలిపి ఎక్కువ సీపీయూలు ఇచ్చి నడిపితే, మునుపటికంటే చాలా అరుదుగానైనా, పరీక్ష మళ్లీ ఆగింది. క్యూఎమూను ఒకే థ్రెడ్‌లో సాగే ఎమ్యులేషన్‌లో నడిపినప్పుడు మాత్రం ఎంతసేపు చూసినా ఆగలేదు. ఆ తేడాలోనే జవాబు ఉంది. ఒకే థ్రెడ్‌లో అన్ని సీపీయూలనూ వంతులవారీగా అనుకరిస్తుంటే, ఒకరు మెమరీలో రాసింది తరువాతివారికి తప్పకుండా కనిపిస్తుంది. కేవీఎంలో కెర్నల్ కోడు నేరుగా అసలు ప్రాసెసర్ల మీద నడుస్తుంది, అక్కడ ఆ హామీ లేదు.

ఎక్స్86 మెమరీ నియమాలు ఉన్నవాటిలో కాస్త గట్టివే. ఒక సీపీయూ చేసే రాతలు ఇతరులకు అదే వరుసలో కనిపిస్తాయి, చదువులు కూడా తమలో తాము వరుస తప్పవు. కానీ ఒక్క సడలింపు ఉంది: ఒక చోట రాసి, ఆ వెంటనే మరొక చోట చదివితే, ఆ రాత ఇంకా ఆ సీపీయూ స్టోర్ బఫర్‌లోనే (రాతలు మెమరీకి చేరేముందు ఆగే చోటులోనే) ఉండగా చదువు పూర్తి కావచ్చు. మా సవరణలో రెండు వైపులా జరిగేది సరిగ్గా ఇదే. నిద్రపోయేవాడు స్థితిని రాసి పెండింగ్‌ను చదువుతాడు. పంపేవాడు పెండింగ్‌ను రాసి స్థితిని చదువుతాడు. ఇద్దరూ ఒకరికొకరు ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, అది చేరకముందే తమ గుమ్మం చూసుకొని ‘అవతలివారు ఏమీ రాయలేదు’ అని నిర్ణయించుకున్నట్లు అవుతుంది. పంపేవైపు లాక్ ఉంది కదా, అది సరిచేయదా అని సహచరుడొకరు అడిగారు. చేయదు. లాక్ తీసుకునేటప్పుడు వాడే సూచన స్టోర్ బఫర్‌ను ఖాళీ చేస్తుంది, నిజమే, కానీ అది పెండింగ్ బిట్ రాయడానికి ముందే అయిపోయింది. లాక్ వదలడం ఎక్స్86లో ఒక మామూలు రాత మాత్రమే, దాని తరువాత వచ్చే చదువును అది ఆపదు.

రెండు వైపులా, ముందటి రాత బయటికి కనిపించాకే తరువాతి చదువు జరిగేలా చేసే పూర్తి మెమరీ బారియర్ పెడితే ఈ ఒక్కచోటు బాగుపడుతుంది. కానీ నిద్రపోయే చోటు ఇదొక్కటే కాదు. పైప్ చదవడం, టెర్మినల్ చదవడం, వెయిట్, నానోస్లీప్, సాకెట్ యాక్సెప్ట్, ఇవన్నీ ‘సిగ్నల్ ఉందా చూడు, లేకపోతే నిద్రపో’ అనే తీరులోనే రాసి ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతి రాత. షెల్ పుణ్యాన సిగ్‌సస్పెండ్‌లోనిది బయటపడింది కానీ మిగిలినవాటిలోనూ సందు అదే. ప్రతిచోటా బారియర్లను సరైన వరుసలో పెట్టించి, రేపు కొత్త డ్రైవర్ రాసేవారికి కూడా అది గుర్తుండాలని ఆశించడం నాకు నచ్చలేదు. చూడడం, నిద్రపోవడం అనే రెండు పనులు విడదీయరానివి కావాలంటే, అవి నిజంగా కలిసే చోటు కెర్నల్‌లో ఒక్కటే ఉంది: షెడ్యూలర్ ఒక టాస్క్‌ను రన్‌క్యూ నుంచి తీసివేసే చోటు. లినక్స్ షెడ్యూలర్ కూడా అక్కడ ఈ తనిఖీ చేస్తుంది. సిగ్నల్‌తో లేవదగిన నిద్రలోకి వెళ్లబోతున్న టాస్క్‌కు సిగ్నల్ పెండింగ్‌లో ఉంటే దాన్ని నిద్రపోనివ్వదు.

మా కెర్నల్‌లోనూ అలాగే చేశాను. షెడ్యూలర్ రన్‌క్యూ లాక్ తీసుకున్న తరువాత, ప్రస్తుత టాస్క్ స్థితి సిగ్నల్‌తో లేవదగిన నిద్ర అయి, సిగ్నల్ ఉందని చెప్పే ఫ్లాగ్ పెట్టి ఉంటే, స్థితిని మెలకువకు మార్చి రన్‌క్యూలోనే ఉంచుతుంది. పంపేవైపు లాక్ లేకుండా స్థితిని తొంగిచూసి ‘నిద్రలో లేదు’ అని వెనుదిరిగే సత్వర మార్గాన్ని తీసివేశాను. ఇప్పుడు ముందుగా ఫ్లాగ్ పెట్టి, లక్ష్య టాస్క్ రన్‌క్యూ లాక్ తీసుకొని, ఆ లాక్ చేతిలో ఉండగానే స్థితిని చూస్తుంది. ఇది ఎందుకు చాలునో రెండు సందర్భాలుగా చూడవచ్చు. పంపేవాడికి ముందుగా లాక్ దొరికితే, నిద్రపోయేవాడు ఆ తరువాత లాక్ తీసుకుంటాడు కాబట్టి అంతకుముందే రాసిన ఫ్లాగ్ అతనికి కనిపించి తీరుతుంది. నిద్రపోయేవాడికి ముందుగా దొరికితే, పంపేవాడు లాక్ తీసుకునేసరికి స్థితి నిద్ర అని స్పష్టంగా రాసి ఉంటుంది, అతను లేపుతాడు. మూడో సందర్భం లేదు. ఈ వాదనలో ఎక్కడా ఎక్స్86 ప్రత్యేకత మీద ఆధారపడలేదు, లాక్ వదలడానికి ముందు రాసింది ఆ లాక్‌ను తరువాత తీసుకున్నవారికి కనిపిస్తుందన్న నియమం ఒక్కటే వాడుకున్నాము. మెమరీ నియమాలు మరింత సడలుగా ఉండే ఆర్మ్-64 మీద కూడా అదే కోడు మార్పు లేకుండా నిలిచింది.

ఇందులో ఫ్లాగ్ అనే మాటను ఊరికే వాడలేదు. షెడ్యూలర్ నేరుగా పెండింగ్ పదాన్ని, మాస్క్‌ను, మొత్తం ప్రాసెస్‌కు వచ్చిన ఉమ్మడి సిగ్నళ్లను చూసి లెక్కకట్టాలంటే సిగ్నల్ లాక్ తీసుకోవాలి. పంపేవాడేమో ఇప్పుడు సిగ్నల్ లాక్ వదలకుండా చేతిలో పెట్టుకొని రన్‌క్యూ లాక్ కోసం వెళ్తాడు, ఎందుకంటే సిగ్నల్ లాక్ వదిలేస్తే లేపేలోపు లక్ష్య ప్రాసెస్ ముగిసిపోయి దాని స్ట్రక్చర్ మాయం కావచ్చు. షెడ్యూలర్ రన్‌క్యూ లాక్ పట్టుకొని సిగ్నల్ లాక్ అడిగితే వరుస తిరగబడి రెండు సీపీయూలూ ఒకదానికోసం ఒకటి శాశ్వతంగా ఎదురుచూస్తాయి. అందుకని సిగ్నల్ వచ్చినప్పుడూ, మాస్క్ మారినప్పుడూ సిగ్నల్ లాక్ కింద ఒకే బిట్‌ను లెక్కకట్టి ఉంచడం, షెడ్యూలర్ ఆ ఒక్క బిట్‌నే చదవడం అన్న పద్ధతి పెట్టవలసి వచ్చింది. మాస్క్ మార్చే ప్రతిచోటా ఈ లెక్క జరిగేలా చూడడమే ఈ పనిలో ఎక్కువ శ్రమ. మాస్క్‌ను నేరుగా స్ట్రక్చర్‌లో రాసే చోట్లన్నీ తీసివేసి ఒకే ఫంక్షన్ ద్వారా పోయేలా మార్చాను.

సవరణ పెట్టిన తరువాత పరీక్ష ఆగడం మానేసింది, కానీ కొత్త విడ్డూరం ఒకటి మొదలైంది. సీరియల్ కన్సోల్‌కు పెద్ద ఫైలు పంపుతూ మధ్యలో కంట్రోల్-సీ నొక్కితే ఒక సీపీయూ నూటికి నూరు శాతం వాడకంలోకి పోయి, కన్సోల్ ఖాళీ అయ్యేదాకా అలాగే ఉండేది. ఆ డ్రైవర్ రాసినవారు బఫర్‌లో చోటు దొరికేదాకా సిగ్నల్‌తో లేవదగిన నిద్రలో ఉండేలా లూప్ రాశారు కానీ, లేచిన తరువాత సిగ్నల్ వచ్చిందో లేదో చూడలేదు. మునుపు సిగ్నల్ వచ్చి లేపితే ఒకసారి లూప్ తిరిగి మళ్లీ నిద్రపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు పెండింగ్ సిగ్నల్ ఉన్నంతసేపూ షెడ్యూలర్ నిద్రపోనివ్వదు కాబట్టి లూప్ ఆగకుండా తిరుగుతుంది. ఇది కొత్త తనిఖీ లోపం కాదు. సిగ్నల్‌తో లేవదగిన నిద్ర అంటే లేచి సిగ్నల్‌ను పట్టించుకుంటానని ఒప్పుకోవడం, ఆ డ్రైవర్ ఆ ఒప్పందాన్ని పాటించలేదు. అక్కడ మధ్యలో వదిలేసి సిగ్నల్ అడ్డుపడిందని చెప్పే ఈఇంటర్ అనే ఎర్రర్‌తో తిరిగిరావడం కుదరదు కాబట్టి, సిగ్‌కిల్ లాంటి ప్రాణాంతక సిగ్నల్‌కు మాత్రమే లేచే నిద్రను ప్రవేశపెట్టాను. లినక్స్‌లో అలాంటి స్థితి 2008లో 2.6.25 వెర్షన్‌తో వచ్చింది, దాని అవసరం నాకు ఈ కన్సోల్ దగ్గర బాగా తెలిసింది. ఈ మార్పుతో పాటు మిగిలిన డ్రైవర్లలోని నిద్ర లూపులన్నీ ఒక్కొక్కటిగా చదివాను. పైప్ చదివే చోట మాత్రం వరుస విషయంలో జాగ్రత్త అవసరమైంది. డేటా, సిగ్నల్ రెండూ వచ్చి ఉంటే ముందు డేటాను ఇవ్వాలి, ఈఇంటర్ ఇస్తే అది చదవగలిగిన బైట్లు ఉండగా విఫలమైనట్లు చెప్పడం అవుతుంది.

సిగ్‌సస్పెండ్‌లోనే మరొక లోపం దీని వెనుక దాక్కొని ఉంది. షెల్ ఇప్పుడు తప్పకుండా లేస్తోంది, కానీ కొన్నిసార్లు లేచినా సిగ్‌చైల్డ్ హ్యాండ్లర్ (ఆ సిగ్నల్ అందినప్పుడు నడిచే ఫంక్షన్) నడవడం లేదు. సిగ్‌సస్పెండ్ నిద్ర లేచిన వెంటనే, తిరిగి వెళ్లేముందు, దాచిన పాత మాస్క్‌ను యథాస్థానంలో పెట్టేసేది. ఆ పాత మాస్క్‌లో సిగ్‌చైల్డ్ అడ్డుకొని ఉంది. అంటే ఏ సిగ్నల్ కోసం లేచిందో ఆ సిగ్నల్‌నే తలుపు దగ్గర మళ్లీ ఆపేస్తుంది. మునుపు ఇది కనిపించకపోవడానికి కారణం, షెల్ హ్యాండ్లర్ నడిచిందా లేదా అని చూసుకోకుండా లేవగానే వెయిట్ పిలిచేయడం. పోసిక్స్ చెప్పేది ఏమిటంటే, హ్యాండ్లర్ నడిచి తిరిగి వచ్చిన తరువాతే సిగ్‌సస్పెండ్ మైనస్ ఒకటి ఇచ్చి తిరిగిరావాలి, మాస్క్ అప్పుడు పాత స్థితికి రావాలి. అందుకని ఇప్పుడు సిగ్‌సస్పెండ్ పాత మాస్క్‌ను తాను తిరిగి పెట్టదు. ‘పాత మాస్క్ తిరిగి పెట్టవలసి ఉంది’ అని ఒక గుర్తు మాత్రం పెడుతుంది. యూజర్ మోడ్‌కు వెళ్లే దారిలో సిగ్నల్ అందించే కోడు, హ్యాండ్లర్ కోసం యూజర్ స్టాక్ మీద పేర్చే ఫ్రేములో ఆ పాత మాస్క్‌ను దాస్తుంది, హ్యాండ్లర్ ముగిసి సిగ్‌రిటర్న్ పిలిచినప్పుడు అది తిరిగి అమలులోకి వస్తుంది. నడపవలసిన హ్యాండ్లర్ ఏదీ లేదని తేలితే ఆ కోడే మాస్క్‌ను నేరుగా తిరిగి పెడుతుంది.

యూజర్ మోడ్‌కు వెళ్లే ఆ దారిని చదువుతున్నప్పుడే మూడో సందు కనిపించింది. ఇది దేన్నీ ఆపివేయదు, ఆలస్యం మాత్రమే చేస్తుంది. కెర్నల్ ఫ్లాగ్ చూసి, ఏమీ లేదనుకొని, రిజిస్టర్లు తిరిగి నింపి యూజర్ మోడ్‌లోకి దూకుతుంది. చూడడానికి, దూకడానికి మధ్య ఇంటరప్టులు తెరిచే ఉన్నాయి. ఆ మధ్యలో ఇంటరప్ట్ వచ్చి, దాని హ్యాండ్లర్ ఈ ప్రాసెస్‌కు సిగ్నల్ పెడితే, ఆ ఇంటరప్ట్ తిరిగి వెళ్లేది కెర్నల్ మోడ్‌లోకే కాబట్టి సిగ్నల్ తనిఖీ జరగదు. ప్రోగ్రాము సిస్టమ్ కాల్ ఏదీ లేకుండా లెక్కలు చేసుకుంటూ పోతే, తరువాతి టైమర్ ఇంటరప్ట్ దాకా సిగ్నల్ వేచి ఉంటుంది. మా టైమర్ 100 హెర్ట్జ్ కాబట్టి 10 మిల్లీసెకన్ల దాకా. ఇంటరప్టులు మూసివేసి ఫ్లాగ్ చూడడం, పని ఉంటే తెరిచి చేసి మళ్లీ మూసి మళ్లీ చూడడం, పని లేనప్పుడు మూసిన స్థితిలోనే యూజర్ మోడ్‌కు దూకడం, ఇదీ సవరణ. లక్ష్య ప్రాసెస్ మరొక సీపీయూ మీద యూజర్ మోడ్‌లో నడుస్తుంటే, సిగ్నల్ పంపేవాడు ఆ సీపీయూకు ఇంటర్-ప్రాసెసర్ ఇంటరప్ట్ ఒకటి పంపి దాన్ని కెర్నల్‌లోకి లాగుతాడు.

పరీక్షల విషయానికి వస్తే, సందులను వెడల్పు చేసే ఆలస్యపు లూపులను నేను తీసివేయలేదు. వాటిని బిల్డ్ ఎంపిక కింద పెట్టి, పరీక్షల యంత్రం ప్రతి మార్పునూ ఆలస్యాలతో ఒకసారి, లేకుండా ఒకసారి, ఒకే సీపీయూతోనూ ఎక్కువ సీపీయూలతోనూ నడిపేలా చేశాను. సత్వర మార్గాన్ని తీసివేయడం వల్ల సిగ్నల్ పంపిన ప్రతిసారీ రన్‌క్యూ లాక్ తీసుకోవలసి వస్తోందని, దాన్ని పూర్తి బారియర్‌తో తిరిగి పెట్టవచ్చని సమీక్షలో ఒకరు సూచించారు. పెట్టవచ్చు, షెడ్యూలర్ వైపు కూడా స్థితిని రాయడానికి, ఫ్లాగ్‌ను చదవడానికి మధ్య అలాంటి బారియరే ఉంటే. సిగ్నల్ పంపడం మా కెర్నల్‌లో అంత తరచుగా జరిగే పని కాదు, కొలిచి చూస్తే తేడా కనిపించలేదు, కాబట్టి లాక్‌నే ఉంచి, పైన చెప్పిన రెండు సందర్భాల వాదనను షెడ్యూలర్‌లోని ఆ తనిఖీ పక్కన వ్యాఖ్యగా రాశాను.

ప్రాసెస్‌ను ఆపే సిగ్‌స్టాప్, ఆగినదాన్ని తిరిగి నడిపే సిగ్‌కంటిన్యూల కథ మాత్రం దీనితో తీరలేదు. సిగ్‌స్టాప్‌తో ఆగిన ప్రాసెస్ స్థితి సిగ్నల్‌తో లేవదగిన నిద్ర కాదు, అది వేరే స్థితి, షెడ్యూలర్‌లోని కొత్త తనిఖీ దాన్ని పట్టించుకోదు, పట్టించుకోకూడదు కూడా. అక్కడ ఆగిపోవాలన్న నిర్ణయానికి, ఆగిన స్థితిని ప్రకటించడానికి మధ్య సిగ్‌కంటిన్యూ వస్తే ప్రాసెస్ ఆగే ఉండిపోతుంది. ఆ రెండింటినీ ఒకే సిగ్నల్ లాక్ కిందికి తెచ్చి, సిగ్‌కంటిన్యూ పంపేవాడు కూడా అదే లాక్ కింద స్థితిని చూసి లేపేలా మార్చే ప్యాచ్ ఇప్పుడు సమీక్షలో ఉంది.